పందులు అని పిలిపించుకున్నోళ్ళు

మీకు హైదరాబాద్ స్కైకింగ్స్ గుర్తుందా? ఉండదు లెండి. సన్‌రైజర్స్ ఇంకా రాలేదు, డెక్కన్ చార్జర్స్ ఆఖరి సీజన్ ఆడుతున్న 2012లో మన సిటీ పేరు మీద ఒక అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఉండేది. ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో ఎనిమిది టీములు. హాలీవుడ్ హీరో మార్క్ వాల్‌బర్గ్, చికాగో మాజీ కోచ్ మైక్ డిట్కా లాంటోళ్ళు డబ్బు పెట్టారు. ఆటగాళ్ళేమో రగ్బీ, కబడ్డీ, అథ్లెటిక్స్ నుంచి వచ్చిన మనోళ్ళే. టెన్ స్పోర్ట్స్‌లో వచ్చేది. కప్పు పుణె మరాఠాస్ కొట్టింది. లీగ్ మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు.

నేనప్పుడు ఎనిమిదో క్లాసు, డెబ్భై ఎనిమిది కిలోలు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా బస్ ఎక్కగానే వెనక సీట్లోంచి "పంది వచ్చిందిరో" అని వినబడేది. రోజూ. క్రికెట్లో అంపైర్‌గా నిలబెట్టేవాళ్ళు. అట్లాంటోడికి టీవీలో నా సైజు మనుషులు ముందు వరసలో వంగి నిలబడటం కనబడితే ఎట్లుంటదో చెప్పండి. ఛానల్ మార్చలేదు.

ఆ ముందు వరసనే అఫెన్సివ్ లైన్ అంటారు. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లో టాకిల్స్. మొత్తం ఐదుగురు. సెంటర్ కాళ్ళ సందులోంచి బంతి వెనక్కి ఇవ్వడం తప్ప వీళ్ళకి బంతితో పని లేదు. మామూలుగా పాస్ అందుకునే హక్కు కూడా లేదు. ఎదుటివాళ్ళని అడ్డుకోవాలి, దారి చేయాలి, అంతే. పరుగెత్తినోడికి గజాలు రాస్తారు, విసిరినోడికి పాసులు రాస్తారు. వీళ్ళ పేరు మైకులో వినబడేది ఎదుటోణ్ణి పట్టుకుని ఫౌల్ చేసినప్పుడే.

తర్వాత నైట్ షిఫ్ట్ ఉద్యోగం వచ్చింది. మా ప్రాసెస్ అమెరికా వాళ్ళది, ఆదివారం వస్తే వాళ్ళకి ఇదే గోల. బ్రేక్‌లో యూట్యూబ్ వెతుకుతుంటే "హాగ్స్" దొరికారు. హాగ్స్ అంటే పందులే. 1982 ట్రెయినింగ్ క్యాంపులో వాషింగ్టన్ టీమ్ కోచ్ జో బ్యూగెల్ తన లైన్‌మెన్‌ని అట్లా పిలిచాడు. వాళ్ళు కోపం తెచ్చుకోలేదు, ఆ పేరునే టీషర్టుల మీద వేయించుకున్నారు! తర్వాత కొందరు మగ అభిమానులు ఆడవాళ్ళ గౌన్లు తొడిగి, ప్లాస్టిక్ పంది ముక్కులు పెట్టుకుని స్టేడియానికి రావడం మొదలుపెట్టారు. మా బస్సులో ఎవడైనా నాకు ఈ ముక్క చెప్పుంటే బాగుండేది.

జో జాకోబీ, రస్ గ్రిమ్, జెఫ్ బాస్టిక్, మార్క్ మే, జార్జ్ స్టార్క్. వీళ్ళలో నాకు జాకోబీ అంటే ఇష్టం. ఆరడుగుల ఏడంగుళాలు, దాదాపు 136 కిలోలు. 1981 డ్రాఫ్ట్‌లో ఒక్క టీమ్ కూడా ఎంచుకోలేదు. రెండేళ్ళు తిరక్కుండానే 1983 జనవరి 30న సూపర్ బౌల్ ఆడాడు. మయామీ 17, వాషింగ్టన్ 13. నాలుగో క్వార్టర్. పది గజాలకి నాలుగు ఛాన్సులుంటాయి కదా, అందులో ఇది ఆఖరిది. ఒక్క గజం కావాలి. జాన్ రిగిన్స్‌కి బంతి ఇచ్చారు, ఎడమవైపు దారి తెరుచుకుంది, ఒకణ్ణి విదిలించుకుని 43 గజాలు ఉరికి టచ్‌డౌన్ చేశాడు. 27-17తో గెలిచారు. బెస్ట్ ప్లేయర్ అవార్డు రిగిన్స్‌కే.

ఈ వీడియోని ఒక ఆదివారం పొద్దున మా నాయనకి చూపించిన. నాయన పాతికేళ్ళు కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. నల్గొండ బత్తాయి, ఎండాకాలం మామిడి, లారీ వస్తే దించాలి, కొన్నోళ్ళ బండికి ఎక్కించాలి. ఏజెంటు చిట్టీలో రైతు పేరు, డబ్బాల లెక్క, రేటు ఉండేవి. మోసినోడి పేరుకి అందులో గడి లేదు. 2019లో నడుం డిస్క్ జరిగింది, బరువులు ఎత్తొద్దన్నారు డాక్టర్లు. ఆ తర్వాత మార్కెట్ కూడా బాటసింగారం తరలిపోయింది, 2022లో పాత షెడ్లు కూల్చేశారు. ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్.

"ఏందిరా ఇది, కొట్లాటనా?" అన్నాడు ముందు. రిగిన్స్ ఉరకంగనే నేను ఫోన్ దగ్గరికి జరిపిన. నాయన రిగిన్స్‌ని చూడలేదు. వేలుతో స్క్రీన్ ఎడమ పక్క చూపించి, "ఈ పొడుగోడు ఎంత కిందికెళ్ళి లేస్తున్నడు చూడు. ఎత్తేది నడుంతోటి కాదు బిడ్డా, తొడలతోటి. నడుంతోటి ఎత్తినోడు నా లెక్క అయితడు" అన్నాడు. అమెరికా కోచ్‌లు నేర్పేది కూడా అదే: ఎవడు కిందికుంటే వాడిదే గెలుపు. నేను పది వీడియోలు చూసి నేర్చుకున్న ముక్క అది. నాయనకి ఒక్క చూపు పట్టింది.

ఇంకొకటి చెప్పిన. 1985 నవంబర్ 18న న్యూయార్క్ జెయింట్స్ మీద ఆటలో జాకోబీ గాయంతో బయట కూర్చున్నడు. ఆ రోజే లారెన్స్ టేలర్ దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్ జో థీస్మన్ కాలు విరగ్గొట్టాడు. థీస్మన్ మళ్ళీ ఆడలేదు. 'ద బ్లైండ్ సైడ్' సినిమా మొదలయ్యేది ఆ దృశ్యంతోనే. అందులో శాండ్రా బుల్లక్‌కి ఆస్కార్ వచ్చింది. వీళ్ళలో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళింది గ్రిమ్ ఒక్కడే, 2010లో.

నాయన అవన్నీ విని అడిగింది ఒకటే. "వాళ్ళకి పింఛను ఉంటదా?"

"ఉంటది నాయనా. అక్కడ ఆటగాళ్ళకి యూనియన్ ఉంది."

"మంచిగైంది" అన్నాడు. కాసేపు నడుం సర్దుకుని కూర్చుని, "ఆ పొడుగోడిది మళ్ళొకసారి పెట్టు" అన్నాడు.