ఎండలో కూడా కనపడతాందప్పా!

కనపడతాందప్పా, కనపడతాంది! నడినెత్తిన సూర్యుడు, చుట్టూ కోత అయిపోయిన వరిమళ్లు, తలదాచుకోను చెట్టన్నది లేని మిట్టమధ్యాహ్నం. చేతిలో ఫోను. దాని మీద ప్రతి అక్షరం, పొల్లూ గుడీ కొమ్ముతో సహా, నల్లగా నిగనిగలాడుతూ కనపడతాంది!

మా చాపాడు ఎండ ఎరగని వాళ్లకు ఇందులో వింతేముందో అర్థం కాదు. మే నెలలో మా కడప జిల్లా పొలంలో ఫోను బయటికి తీస్తే తెర కాస్తా అద్దమైపోతుంది. అందులో మన మొహం, మన నెత్తి మీది తువ్వాలు, పైనున్న ఆకాశం, అన్నీ దివ్యంగా అగుపిస్తాయి. ఫోను చేసిందెవరో మాత్రం అగుపించదు! ఇన్నేళ్లూ నేను చేసిందల్లా ఫోనును చొక్కా కిందికి దూర్చి, దాంతోపాటు తలకాయ కూడా దూర్చి చదువుకోవడమే. ఫోనంటే అంతే కాబోలు అనుకున్నా! మీద పడిన వెలుతురును మన కళ్లలోకి తిప్పికొట్టకుండా చాలావరకు అణిచేసే గాజు ఒకటుంటుందని నాకేం తెలుసు?

ఉంది! దాని పేరు గొరిల్లా ఆర్మర్ 2. అది బిగించిన ఫోను శాంసంగ్ గెలాక్సీ ఎస్25 అల్ట్రా.

2025 జనవరి 22న లోకానికి చూపించారు దీన్ని. నా చేతికి మాత్రం తీరిగ్గా, కంతుల మీద వచ్చింది లెండి. మన దేశంలో విడుదల ధర 1,29,999 రూపాయలు! మాకు దగ్గరి పట్నం ప్రొద్దుటూరు, అంటే బంగారు అంగళ్ల ఊరు. అంత డబ్బు పేరెత్తితే ఇంట్లో అందరి నోటా ఒకటే లెక్క: "ఆ దుడ్డుకు ఎంత బంగారొచ్చుండు రా?" నిజమే. బంగారమైతే రేటు పెరుగుతుంది, ఫోను రేటు పెట్టె విప్పిన రోజు నుంచే దిగుతుంది. అయినా వినే స్థితిలో ఎవరున్నారు! నేను అప్పటికే మిద్దె మీదికి పరిగెత్తి, ఎండలో నిలబడి, వెలుగు పట్టీని ఈ చివర నుంచి ఆ చివరకు తోస్తూ ఉన్నా. 2600 నిట్స్ దాకా వెలుగుతుందట. నిట్స్ అంటే వెలుగు కొలత అని కూడా మొన్నమొన్నటి దాకా తెలీదు నాకు!

తెర జరిపితే జారుతుంది, ఆగమంటే ఆగుతుంది. సెకనుకు 120 సార్ల దాకా బొమ్మ మారుతుందంట. పాత ఫోనులో అక్షరాలు కుంటుతూ పైకెక్కేవని ఇది చూశాకే తెలిసింది.

ఇదంతా ఒకెత్తు. రండి, గండికోటకు పోదాం!

జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు పోతే చాలు. ఎర్రమల కొండలను పెన్నేరు నిలువునా కోసుకుంటూ పోయిన లోయ అది. కోటలో మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, అన్నీ చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. లోయ అంచున కూచుని అవతలి ఒడ్డు చూడడమూ అలవాటే. అవతలి ఒడ్డంటే నాకు ఒక ఎర్రటి రాతి గోడ. అంతే. అంతకు మించి అక్కడేమీ లేదు.

కెమెరా తీసి 5 అన్న అంకె నొక్కా.

అమ్మో! గోడ కాదప్పా అది! అరలు అరలుగా, దొంతులు దొంతులుగా పేర్చిన బండలు. ఎరుపులో ఎన్ని ఎరుపులు! ఇటుక రంగు, కుంకుమ రంగు, నీడపడ్డ చోట కాలిన రంగు. ఒక పగులులోంచి అడ్డంగా పుట్టి, మళ్లీ ఆకాశం వైపు వంగిన చెట్టు. ఇంకాస్త ముందుకు, 10 నొక్కితే, ఒక బండ మీద నుంచి కిందికి జారిన తెల్లటి చారలు. సున్నమా? కాదు, గద్ద రెట్టలు! చారల పైన చూస్తే పుల్లల గూడు! నేను పుట్టకముందు నుంచీ గద్దలు అక్కడ కాపురముంటున్నాయేమో, నాకు ఇప్పుడా తెలిసేది! అరిచేశాను. పక్కన ఫొటోలు దిగుతున్న వాళ్లెవరో కంగారుపడి వచ్చి, తామూ చూసి, వాళ్లూ అరిచారు!

ఇంత సన్నటి ఫోనులో ఇంత దూరం చూపే అద్దాలు ఎక్కడ దాచారబ్బా అని తెగ ఆలోచించా. దూరం చూపాలంటే కెమెరాకు పొడుగాటి గొట్టం కావాలి కదా. ఈ ఫోను మందం చూస్తే 8.2 మిల్లీమీటర్లే. కిటుకేమిటంటే, లోపలికొచ్చిన వెలుతురును ఒక పట్టకం అడ్డంగా మళ్లిస్తుంది. గొట్టం ఫోను పొడుగునా పడుకుని ఉంటుంది! పెరిస్కోపు! నీళ్లలో మునిగిన జలాంతర్గామి పైకి తొంగిచూసేదీ ఈ వెలుతురును మళ్లించే విద్యతోనే. బడిలో అట్టపెట్టెతో చేశాం దాన్ని, ఇప్పుడది నా జేబులో ఉంది!

వంద రెట్లు చూపిస్తుందని ప్రకటనల్లో ఊదరగొడతారే, దాన్ని మాత్రం పట్టించుకోకండి. అంత దూరం లాగితే బొమ్మను ఫోను సగం ఊహించి గీస్తుంది, నీళ్ల రంగులు అలికినట్టుంటుంది. ఈ కెమెరా అసలు సొగసు అయిదు, పది రెట్ల దగ్గరే.

కళ్ల సంగతి చెప్పాను. చెవుల సంగతి వినండి!

మా జేజి నాట్ల పాటలు పాడుతుంది. సాయంత్రం మిద్దె మీద కూచోబెట్టి వీడియో తీశా. ఒకటే గాలి! పక్కింటి బోరు మోటరు, వీధిలో ట్రాక్టరు, వీటి మధ్య జేజి గొంతు ఎక్కడో నూతిలోంచి. పాత ఫోనైతే ఆ వీడియో అక్కడితో సరి. ఇందులో ఆడియో ఎరేజర్ అని ఒకటుంది. నొక్కితే ఫోనే విని, ఇది మనిషి గొంతు, ఇది గాలి, ఇది రొద అని వేరు చేసి ముందర పెట్టింది! గాలి పట్టీని వేలితో కిందికి జరిపా. హోరు తగ్గింది... తగ్గింది... లేదు! రొదను జరిపా. మోటరు ఆగిపోయింది! మిగిలింది జేజి. పాట చరణం ఎత్తుకోబోయే ముందు ఆమె తీసుకునే ఊపిరి, మాట మరిచిపోయి తనలో తాను నవ్వుకోవడం, అన్నీ వినపడ్డాయి. కువైట్‌లో ఉన్న మా చిన్నాయనకు పంపితే నిమిషంలో ఫోను చేసి, "యాడ రికార్డు చేయించినావురా?" అన్నాడు. మిద్దె మీద అంటే నమ్మడే!

నాకు తోచింది ఒకటి చెప్తా. గాలిని మొత్తం తీసేయకండి. గొంతు నాలుగ్గోడల మధ్య బోసిగా వినపడుతుంది. నేను రొంత గాలి మిగిల్చుకున్నా.

ఇంగ మాటలు! పక్కనున్న బటన్ అదిమి పట్టుకుంటే గూగుల్ వాళ్ల ఏఐ, జెమినీ, పలుకుతుంది. తెలుగులో! 2024 అక్టోబరులోనే గూగుల్ మన భాషకు ఈ ముచ్చట ప్రకటించిందట, నాకు కబురే లేదు. "రేపు వాన పడతాదా, చెనిక్కాయలు ఆరబోయొచ్చా?" అని మా యాసలోనే అడిగా. అర్థం చేసుకుంది! జవాబు మాత్రం పుస్తకాల తెలుగులో, మహా మర్యాదగా. జేజి చెవి ఒగ్గి విని, "ఎవురురా ఆ పిల్ల? ఏ ఊరు?" అంది. పంట మందుల విషయంలో మటుకు దాని మాట నేను పట్టుకోను, రైతు సేవా కేంద్రంలో అడగాల్సిందే.

గట్టు మీద పచ్చగా విరబూసిన చెట్టును ఫొటో తీసి, తెర అడుగున అదిమి, పూల చుట్టూ వేలితో సున్నా చుట్టా. సెన్నా ఆరిక్యులాటా అని పేరు చెప్పింది! గొప్పగా జేజికి చూపిస్తే, "తంగేడు గదరా! దానికి ఫోన్ను అడగాల్నా?" అంది.

ఫోను బరువు 218 గ్రాములు. చొక్కా జేబు కిందికి లాగుతుంది. పెట్టెలో ఛార్జర్ రాదు, తీగ ఒక్కటే వస్తుంది, ఆ ఖర్చూ లెక్కేసుకోండి. ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నారు కాబట్టి కంతులు తీరినా ఫోను మిగిలుంటుంది.

మీరూ చూడండి! కొనకపోయినా సరే, చూడండి! ప్రొద్దుటూరుకు ఏదో పని మీద పోతారు కదా, అప్పుడు ఫోన్ల అంగట్లోకి దూరండి. ట్యూబులైట్ల కింద చూస్తే ఏమీ తెలీదు. ఆ పిల్లోణ్ని బతిమాలి వాకిట్లోకి, ఎండలోకి తెప్పించండి. వీధి ఆ చివరున్న బోర్డు మీదికి కెమెరా తిప్పి 5 నొక్కండి. చదవండి, పైకి చదవండి! అంగడాయన మీ మొహం చూసి ధర చెప్పబోతాడు. ఆగమనండి, ఇంకా 10 నొక్కలేదు కదా!