కూలి లెక్క

"మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, పంతొమ్మిదేళ్ల పాటు నాకు తడుముకునే పని లేకపోయింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. "టీచర్నండీ" అంటే చాలు, కూరగాయలావిడ కూడా నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువే వేసేది.

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్లు మూతపడ్డాయి. ఆ నెల జీతం సగం వచ్చింది, ఆపైన అదీ లేదు. అప్పటికి నాకు నలభై ఆరు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలూ, 25 కిలోల బియ్యమూ ఇస్తామంది. ఏ మాట కామాటే చెప్పుకోవాలి, ఆ బియ్యం మా ఇంట్లోనూ ఉడికాయి. కాని సంచీ పట్టుకుని రేషన్ షాపు ముందు నిలబడ్డ రోజున నా వెనకాలే నా పాత విద్యార్థి తల్లి నిలబడి ఉంది. "బాగున్నారా మేడం?" అంది. మామూలుగానే అంది పాపం. నేనే మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాను. కరోనా వల్ల జరిగిన మేలేదైనా ఉంటే అదొక్కటే, మొహం దాచుకోవడానికి మాస్కు దొరికింది!

ఆ రోజుల్లో మా స్టాఫులో తలా ఒక వృత్తిలోకి దిగారు. ఒకాయన తోపుడుబండి మీద పళ్లు పెట్టాడు. సోషల్ సారు ఉపాధి హామీ పనికి వెళ్లాడు. నేనేమో ఊరికే సలహాలిచ్చే పని పెట్టుకున్నాను. లెక్కల టీచరు కదా, ఈవిడకి లాభనష్టాలు తెలుస్తాయని అందరికీ ఒక నమ్మకం. నాకూ ఉండేది లెండి.

అందరికంటే ముందు సలహా అడిగింది మా తెలుగు టీచరక్క. ఆవిడ చేసే గోంగూర పప్పు కోసం లంచ్ బెల్లు ఎప్పుడు కొడతారా అని చూసేవాళ్లం. "కర్రీ పాయింట్ పెట్టండక్కా, వీధి వీధంతా మీ వాకిట్లోనే ఉంటుంది" అన్నాను. కాగితం మీద లెక్క కూడా వేసిచ్చాను. బియ్యం, నూనె, గ్యాసు, అద్దె, అన్నీ పోను లాభమే తేలింది. ఆవిడ పుస్తెలతాడు కుదువబెట్టి షాపు తెరిచింది. నాలుగు నెలలు నడిచింది.

నా లెక్కలో తప్పెక్కడుందో నాకు చాలా రోజుల దాకా తట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాత్రి పదకొండింటికి గిన్నెలు బోర్లించే మనిషి కూలి ఆ కాగితం మీద నేనెక్కడా వెయ్యలేదు. ఇంట్లో ఆడదాని పని ఊరికే వచ్చినట్టు షాపులో కూడా ఊరికే వస్తుందనుకున్నాను. నడుం పట్టేసి ఆవిడ ఒక పనిమనిషిని పెట్టుకోగానే, నేను చూపించిన లాభం కాస్తా ఆ జీతంలోకే పోయింది. ఇప్పుడావిడ వేరే బడిలో చేస్తోంది. రైతుబజారులో కనబడితే నవ్వుతూనే పలకరిస్తుంది. నా చూపు మాత్రం ఆవిడ మెడ మీదికి పోతుంది. ఇంకా పసుపుతాడే.

అందుకే, భద్రాచలంలో ఉండే మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మా పక్క ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి లెక్కలు నేర్పేవాళ్లు కావాలిట, వస్తావా?" అనేసరికి నాకు గుండె జారింది. మళ్లీ ఎవరి మెడలో తాడు తెంచాలి? అయినా వెళ్లాను. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కదా. కండక్టరు జీరో టికెట్ చేతిలో పెడతాడు. "ఖర్చూ లేదు, రాబడీ లేదు, భేషైన ఉద్యోగం" అన్నారు మావారు.

కొత్తగూడెం, పాల్వంచ దాటి, గోదావరి వంతెన ఎక్కేసరికి సగం పూట అవుతుంది. అక్కణ్ణించి దుమ్ముగూడెం వైపు పోతుంటే, 2014లో ఆంధ్రలో కలిసిన ఎటపాక మీదుగా బస్సు కాసేపట్లోనే రాష్ట్రం మారి, మళ్లీ మన రాష్ట్రంలోకి వచ్చేస్తుంది. మనుషులకే, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారాలంటే అంత సులువు కాదు.

సంఘంలో పదకొండు మంది. ఎక్కువమంది కోయవాళ్లు. నిన్నమొన్నటి దాకా మిరపకోతలకు పోవడం, ఎండాకాలం తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడం, తునికాకు కోయడం వాళ్ల పని. ఇప్పుడు జొన్నపిండి, రాగిపిండి బిస్కెట్లు చేస్తున్నారు. 2025 జూన్‌లో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో మెచ్చుకున్న భద్రాచలం బిస్కెట్ల సంఘం ఇది కాదు లెండి. ఆ బిస్కెట్లు లండన్ దాకా పోతున్నాయట, మావి ఇంకా సంత దాటలేదు.

మొదటి రోజు బోర్డు మీద గీతలు గీసి, 'నూటికి ఇంత' అంటూ మొదలుపెట్టాను. వాళ్లు వానకేసి చూసినట్టు నాకేసి చూశారు. అందరిలోకీ పెద్దావిడ, నా ఈడుదే, "ఆకు లెక్కల చెప్పు టీచరమ్మా" అంది. తునికాకు కట్టకు యాభై ఆకులు. వెయ్యి కట్టలయితే ఒక బస్తా. సరేనని, "కట్టలో ఒక ఆకు చినిగితే నూటికి ఎన్ని పోయినట్టు?" అన్నాను. "రెండు" అన్నారు పదకొండు మందీ ఒక్కసారే. ఏడో తరగతి పిల్లలకు ఆ ముక్క ఎక్కించడానికి నాకు నెల పట్టేది! ఆ రోజు నుంచి మా బిస్కెట్లు కట్టల్లెక్కనే. విరిగినవి కట్టకు ఒకటి మించితే పొయ్యి దగ్గరున్నావిడ జవాబు చెప్పాలి.

అసలు చిక్కు లెక్కల్లో లేదు. "మిరపకోతకు పోతే పొద్దుగూకేసరికి పైసలు చేతిల పడతయి. బిస్కెట్ల పైసలు నెలకు గాని రావు. అప్పటిదాంక పిల్లలకేం పెట్టాలె?" అంది ఒకమ్మాయి. చూడండి, నడివయసులో పని మారేవాళ్లందరికీ కాలికి తగిలే రాయి ఇదే. కొత్త పనిలో డబ్బు రాదని కాదు, పాత పనిలో వచ్చిన వేళకి రాదు. మా తెలుగు టీచరక్కకు నేను చెప్పని మాట ఇక్కడ చెప్పాను. పాత పని ఒక్కసారే వదలకండి, కోతల రోజుల్లో సగంమంది చేలోకి, సగంమంది బట్టీ దగ్గరికి పొండి, వారానికోసారి మారండి అని. ఒక ఏడాది అలాగే గడిచింది.

అన్నట్టు, ఈ ప్రాంతంలో నడివయసులో వృత్తి మార్చుకున్న వాళ్లలో పేరెన్నిక గన్నవాడు మా ఖమ్మం జిల్లా నేలకొండపల్లి వాడే. కంచర్ల గోపన్న. తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారు. పన్నుల సొమ్ముతో రాములవారికి గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో పన్నెండేళ్లున్నాడని చెబుతారు. ఆయన నన్ను సలహా అడిగి ఉంటే, "బంగారంలాంటి సర్కారు నౌకరీ, వదలకండి బాబూ" అని ఉండేదాన్ని. మనకు రామదాసూ ఉండేవాడు కాదు, ఆ కీర్తనలూ ఉండేవి కావు. నా సలహాల విలువ అంత!

ఇక అసలు సంగతికి వస్తాను. ఒకనాడు బిస్కెట్ల ధర కట్టడానికి కూర్చున్నాం. పిండి, బెల్లం, నెయ్యి, కరెంటు, కవర్లు అన్నీ రాశారు. "మరి మీ కూలి?" అన్నాను. పకపకా నవ్వారు. "మన పనికి మనకు కూలేందమ్మా?" అన్నారు. అప్పుడు పేరు చెప్పకుండా కర్రీ పాయింటు కథంతా చెప్పాను, కాగితం లెక్క వేసింది నేనేనని కూడా. ఎవరూ నవ్వలేదు. మిరపకోతకు ఎంతో అంతే వేద్దామని తేల్చుకుని, పుస్తకంలో గీత గీసి రాశారు. బిస్కెట్ల ధర పెరిగింది, అదొక తలనొప్పి అనుకోండి.

అంతలో పెద్దావిడ నాకేసి తిరిగింది. "మరి నీ కూలేది టీచరమ్మా?"

"నాదేముంది, బస్సు కూడా ఊరికేగా" అన్నాను.

"బస్సు ఊరికే. నువ్వు గూడ ఊరికేనా?"

నాకు జవాబు దొరకలేదు. పంతొమ్మిదేళ్లలో జీతం పెంచమని నేను ఒక్కసారి కూడా నోరు విప్పి అడిగి ఎరగను. రెండు వేలకూ, బియ్యానికీ సిగ్గుపడ్డాను గాని, దానికెప్పుడూ సిగ్గుపడలేదు. వాళ్లు నా కూలి వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని రాసేశారు. ఎక్కువన్నాను. కోతకొచ్చిన మనిషి కూలి ఎక్కువంటే మేస్త్రీ వినడు గదా అని కొట్టి పారేశారు.

ఆ డబ్బు తీసుకుని వచ్చిన ఆదివారం, బిస్కెట్ల పొట్లం పట్టుకుని మా తెలుగు టీచరక్క ఇంటికి వెళ్లాను. నాలుగేళ్లుగా గొంతులో పెట్టుకున్న మాట, "అక్కా, ఆనాడు నా లెక్క తప్పు" అని చెప్పేశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఒక బిస్కెట్ విరిచి నోట్లో వేసుకుని కాసేపు నమిలింది.

"జొన్నపిండి వేయించకుండా కలిపారు, పచ్చివాసన పోలేదు. ఉప్పు కూడా చిటికెడు పడాలి" అంది. ఇంకో ముక్క తీసుకుంది. "నేనొచ్చి చూపిస్తాలే. ఇంతకీ, కూలి ఎంతిస్తారటే?"