బండి ఱ కి పని దొరికింది

 

మొన్న సెలవులకి మనవడు అమలాపురం వచ్చాడు. హైదరాబాదులో ఎనిమిది చదువుతున్నాడు. స్కూల్లో స్పానిష్ తీసుకున్నాడట. ఎందుకురా అంటే, "మార్కులు బాగా వేస్తారంట తాతా" అన్నాడు. ఇంటర్లో సంస్కృతం తీసుకునేవాళ్ళు చెప్పే మాటే ఇది. దాన్ని తెలుగు లిపిలో రాసి తొంభైలు దాటించినవాళ్ళని బోలెడుమందిని చూశాను. ఆ తర్వాత సంస్కృతంలో ఒక్క ముక్క మాట్లాడినవాణ్ణి మాత్రం ఇంకా చూడాలి.

సరే, పుస్తకం తియ్యమన్నాను. తీశాక వదలబుద్ధి కాలేదండి. ఇంగ్లీషు కోసం నాలిక మడిచి ట, డ అని అలవాటు చేశారు కదా, స్పానిష్‌కి మన త, ద లే కావాలి. 'పెరో' అంటే కానీ. అదే రకారాన్ని గట్టిగా దొర్లించి 'పెఱ్ఱో' అంటే కుక్క. 'మరో'లో ర పలికి, వెంటనే 'గుర్రం' అనండి, తేడా మీకే తెలుస్తుంది. ఎప్పుడో మూలన పడేసిన బండి ఱ కి ఇన్నాళ్ళకి పని దొరికింది. వర్ణమాలలో అప్పగింత కోసం తప్ప ఎవరూ తలవని ఞ కూడా అక్కడ రోజూ కూలికెళుతోంది. వాళ్ళ దేశం పేరే 'ఎస్పాఞ'. రేపు అనడానికి 'మఞాన'. ఈ ముక్క ఒక్కటీ వస్తే చాలు, అక్కడి ఆఫీసుల్లోనూ మనకి బెంగ ఉండదనుకుంటాను.

ఇంకా విడ్డూరం వినండి. ఇంగ్లీషువాడు 'నేను మామిడిని ఇష్టపడతాను' అంటాడు. మనం 'నాకు మామిడి ఇష్టం' అంటాం. స్పానిష్ వాడూ మనలాగే, 'మె గుస్తా ఎల్ మాంగో'. మాంగో కూడా ఇక్కణ్ణించి వెళ్ళిందే లెండి, పోర్చుగీసువాళ్ళు కేరళ తీరంలో 'మాంగా' విని పట్టుకెళ్ళారు. బదులుగా వాళ్ళు మనకి ఇచ్చిపోయినవాటిలో తువాలుంది, మేస్త్రీ ఉన్నాడు. స్పానిష్ పోర్చుగీసుకి స్వయానా చెల్లెలు కాబట్టి అక్కడా 'తొఆయా', 'మయెస్త్రో' ఉన్నాయి. మన మేస్త్రీ గోడ కడతాడు, అక్కడి మయెస్త్రో బళ్ళో పాఠం చెబుతాడు. 'వస్తాను' అంటే 'నేను' అక్కర్లేదు కదా మనకి, వాళ్ళకీ అంతే, క్రియలోనే మనిషి కనబడిపోతాడు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. ఇన్ని చుట్టరికాలున్న భాషని వీడికి ఇంగ్లీషులో వివరించి, ఖాళీలు పూరించమని కాగితం ఇస్తున్నారు!

అయినా పరాయి భాష మన కోనసీమకి కొత్తా? ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే, 1954 దాకా యానాంలో ఫ్రెంచివాళ్ళ దొరతనమే. ఇక్కడ శారదా చట్టం బాల్యవివాహాలు కూడదన్నాక, అవి చెయ్యడానికి మనవాళ్ళు అక్కడికి పరిగెత్తారు. పెళ్ళి చేసుకొచ్చారు గానీ ఫ్రెంచి ముక్క పట్టుకురాలేదు. పురోహితుడూ మేళగాళ్ళూ తెలుగువాళ్ళే, ఇంక దాంతో అవసరమేముంది?

అవసరం పడ్డది కువైట్‌లో. మా వీధిలో ఒకావిడుంది, రాజోలు అవతల పుట్టిల్లు, నన్ను అన్నయ్యగారూ అంటుంది. ఐదో తరగతితో బడి ఆపేసి, ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపనికి, వెళ్ళి పద్దెనిమిదేళ్ళు వంట చేసింది. ఉల్లిపాయ 'బసల్', నీళ్ళు 'మాయ్' అని పొయ్యి దగ్గరే నేర్చుకుంది. "తెమ్మనడానికి మగాడినైతే జీబ్ అనాలి, ఆడమనిషినైతే జీబీ అనాలి అన్నయ్యగారూ" అని నాకు వ్యాకరణం చెప్పింది. ఏ పుస్తకమూ చూడలేదు. కానీ అరబ్బీ అక్షరం మాత్రం రాదు. అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, కాగితం మీద ఏముందో ఎవరో చదివి చెబితేనే తెలిసేది. ఒకసారి చెప్పినవాడు తప్పు చెప్పాడు. రెండు నెలల జీతం పోయింది.

మావాడికి రాత వస్తోంది, మాట రావట్లేదు. ఆవిడకి మాట వచ్చింది, రాత రాలేదు. ఇద్దర్నీ ఓ పూట ఎదురెదురుగా కూచోబెట్టాను. వాడు మూడు నెలల్లో నేర్చిన స్పానిష్ కన్నా ఎక్కువ అరబ్బీ ఆ మధ్యాహ్నమే పట్టాడు!

2020 జాతీయ విద్యావిధానం హైస్కూల్లో విదేశీ భాషలు నేర్పాలంటూ కొన్ని పేర్లు చెప్పింది: కొరియన్, జపానీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీసు, రష్యన్. వేలిముద్ర వేసేవాళ్ళ దగ్గర్నించి నర్సుల దాకా మన ఊళ్ళవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా కూడు తింటున్న అరబ్బీ అందులో లేదు. పైన కూచున్నవాళ్ళ ఇష్టాయిష్టాలు మారితే ఉన్నవీ ఉంటాయని నమ్మకం లేదనుకోండి. 2014 నవంబరులో, విద్యా సంవత్సరం నడిమధ్యలో, కేంద్రీయ విద్యాలయాల్లో మూడో భాషగా ఉన్న జర్మన్‌ని తీసేసి సంస్కృతం పెట్టాలన్నారు, గుర్తుందా?

స్పానిష్ వద్దనను. ఇరవై దేశాల భాష, పైగా మన నోటికి చుట్టం. నేర్పితే నోటితో నేర్పండి అంటున్నానంతే. రాజోలు, మలికిపురం వైపు హెడ్మాస్టర్లెవరైనా ఇది చదువుతుంటే ఓ మనవి: మీ బడిలో వారానికో గంట అరబ్బీ కూడా పెట్టండి, మాటా రాతా రెండూ. రాతకి మేస్టారిని మీరు వెతుక్కోండి. మాటకి మా చెల్లెమ్మ ఉంది, మధ్యాహ్నం మూడు దాటితే ఖాళీయే. ఆయ్!