దంత్యాలు - ఒక అపవాదం

30 ఏళ్ళపాటు పిల్లలకు త, థ, ద, ధ, న దంత్యాలని చెప్పినవాణ్ణి. కిందటేడు మెట్లమీంచి జారిపడి, ముందుపళ్ళు రెండు విరిగి, పెదవి చీలి, రెండురోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు గాని ఆ సంజ్ఞ సార్థకత నాకు బోధపడలేదు. పరామర్శకు వచ్చినవారికి "దండాలు" అనబోతే గాలి మాత్రమే వచ్చింది! మనవరాలు నవ్వింది, నేను నవ్వలేకపోయాను.

బిల్లులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ జతచేసి బీమా సంస్థకు క్లెయిము పంపాను. "దంతచికిత్సకు పాలసీ వర్తించదు" అని ఏకవాక్య సమాధానం.

పాలసీ తీసి, భూతద్దం పెట్టి చదివాను. దంతచికిత్స వర్తించదన్నది ఉత్సర్గం. ఆ వెంటనే, ప్రమాదవశాత్తు ఆస్పత్రిలో చేరవలసివస్తే తప్ప అని అపవాదం. ఉత్సర్గంకన్నా అపవాదం బలీయమని వ్యాకరణం చదివినవారెవరైనా ఎరుగుదురు. వారు సగం సూత్రం చదివి తీర్పు చెప్పారు.

నిబంధన సంఖ్య ఉటంకించి, గాయం ప్రమాదంవల్ల కలిగినదేనని వైద్యుని ధ్రువపత్రం జోడించి, సంస్థవారి ఫిర్యాదుల విభాగానికి రాశాను. నెలలోగా బదులు రాకున్నా, వచ్చినది తృప్తికరంగా లేకున్నా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, రుసుము లేదు. నాకు అంతదూరం పోవలసిన పని పడలేదు. 23వ రోజున చికిత్స సొమ్ము వచ్చింది. తర్వాత కట్టించుకున్న పళ్ళకు ఇవ్వలేదు. నా పాలసీలో దానికి అపవాదం లేదు, కనుక వాదించలేదు.

మిత్రులారా, తిరస్కారలేఖ వస్తే నిరాశపడి చింపివేయకండి. ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. దానిని చివరిదాకా చదవండి.

అందరికీ దండాలు. ఇప్పుడు స్పష్టంగానే పలుకుతున్నాను!