మా బజారున నడచు త్రోవ

2018 సంవత్సరమున మా ఖానాపూరు పురపాలక సంఘ మయ్యెను. అయినను బజారులో నడచువారి కష్టము తీరలేదు. అంగళ్ల సరకులు వీథి యంచువఱకు వచ్చుటచే బడిపిల్లలు బండ్ల నడుమ నడువవలసివచ్చుచున్నది. అది చూచి నా మనస్సు దినదినమును కలతనొందుచుండును.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఆ మండలి పత్థర్‌గట్టిలో అంగళ్లను ఒకే వరుసలో గట్టించి, వాని ముందు రాతి కమానుల క్రింద పాదచారులకు నీడగల త్రోవ నొసగెను. అంగడి యెవరిదైనను ఆ త్రోవ యందఱిది.

మనకు రాతి కమానులు లేకున్నను కొఱత లేదు. క్రొత్తగా గట్టు ప్రతి యంగడియు ఒకే హద్దున నిలిచి, ముందు వసారా విడిచినచో చాలును. వర్తకులైన తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే: మీ గుమ్మము ముందఱి నాలుగడుగుల చోటు పిల్లలకు విడువుడు.