ఆకాశరామన్న ఉత్తరాలు

ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలారా అని అప్పుడప్పుడూ అనుకుంటూ ఉంటాను. పదిహేను పైసల కార్డు మీద ఎడమచేత్తో గీసిన వంకర అక్షరాలు, ఊరి ముద్ర పట్టిచ్చేస్తుందని స్టేషన్ దాకా సైకిలు తొక్కి ఆగిన రైలు తపాలా పెట్టెలో పడేసి వచ్చే జాగ్రత్త, చివర ‘ఇట్లు మీ శ్రేయోభిలాషి’. కవరైతే కొందరు స్టాంపు కూడా అంటించేవాళ్ళు కాదు, తిట్లు తినబోయేవాడే బేరింగు కింద రెట్టింపు కట్టి విడిపించుకోవాలి. కుదిరిన సంబంధం చెడగొట్టడానికి, పిల్ల అమ్మమ్మది ఏ కులమో తవ్వి చెప్పడానికి, కిట్టనివాడి ఉద్యోగం ఊడగొట్టడానికి అవి బయల్దేరేవి. పేరు లేని ఫిర్యాదుల మీద చర్యలు వద్దని చివరికి కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లో ఉత్తర్వే ఇచ్చింది. కార్డు వచ్చిన ఇంట్లో ట్రంకుపెట్టె దించి, కలరా ఉండల వాసన కొట్టే పాత ఉత్తరాల కట్ట విప్పి, ‘ళ’ ఎవరు ఇలా తిప్పుతారా అని దీపం దగ్గర పోల్చి చూసుకునేవాళ్ళు. తేలేది కాదు. ఆ అనుమానంతోనే పెళ్ళిళ్ళకి పిలుచుకునేవాళ్ళు, పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళు.

సంతకం పెట్టిన ఉత్తరాల్లో మాత్రం అంతా ఉభయకుశలోపరే. మనుషులు మంచివాళ్ళని కాదు. మనసులో మాట అరుగు మీద, చుట్ట పొగలో, చుట్టూ ఉన్నది తమవాళ్ళేనని చూసుకున్నాక గొంతు తగ్గించి అనుకునేవాళ్ళు; మిగతావాళ్ళకి విడిగా రాసి చెప్పే పనే లేదు, టీకొట్టు చూరులో గుచ్చిన వేరే గ్లాసు చెప్పేది.

ఇప్పుడు మా పెదనాన్న పొద్దున్నే కుటుంబం వాట్సాప్ గ్రూపులో గులాబీపువ్వు పెడతాడు, దాని కిందే ఒక మతం మీదో కులం మీదో విషం, తన పేరు, నవ్వుతున్న ఫోటో సాక్షిగా. నమ్మే పంపుతున్నాడా? ఏమో. ఆ మాటలు ఆయనవి కావు, ఎవరు రాశారో ఎవరికీ తెలీదు. ఆకాశరామన్న రాస్తాడు, మనం సంతకం పెడతాం. పదకొండుమందికి రాసి పంపకపోతే కీడు జరుగుతుందని వచ్చే దేవుడి ఉత్తరాలు కూడా ఇలాంటివే, కాకపోతే అప్పుడు కనీసం మణికట్టు నొప్పెట్టేది. తెర చాటున కళ్ళెంలేకుండా మాట్లాడేవాడే అసలు మనిషి అనుకోనక్కర్లేదని, అది కూడా అతనిలో ఒక పార్శ్వమేనని జాన్ సూలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2004లో రాశాడు. కావచ్చు. నా జ్వరానికి రాత్రంతా తడిగుడ్డ వేసిన పెదనాన్న అబద్ధం కాదు. గ్రూపులో ఉన్నాయన ఆకాశం నుంచి ఊడిపడనూ లేదు.

పోయిందల్లా ఎవరి మనసులో ఏముందో తెలియకపోవడం. దాన్ని తలుచుకుని నేను కొంచెం బెంగపడ్డమాట నిజం, అయితే ఆ తెలియకపోవడం ఎవరి సుఖమో కూడా చూసుకోవాలి. మా ఊరి పల్లెలో పుట్టిన నా స్నేహితుడికి పెదనాన్న మెసేజి ఒకటి చదివి వినిపించాను, కోప్పడతాడనుకుని. ‘ఇవన్నీ మీ అరుగు కింద నిలబడ్డప్పుడే విన్నాన్రా, నువ్వు బడికి పోయుంటావు’ అన్నాడు. తనకి మాత్రం పంపొద్దన్నాడు, ఫోన్లో చోటు లేదట.