ఆరెకరాల ట్రాక్టరు

2020 వేసవిలో మా ఇంటి ఎద్దుల కొట్టము ఖాళీ అయినది. జతలో ఒకదానికి వయసు మీరినది, రెండవదానికి సరియైన జోడు దొరకలేదు. చొప్ప కొని, మేపువానికి కూలి ఇచ్చి, ఏడాదిలో నలభై దినముల పనికై మిగిలిన దినములన్నియు వాటిని పోషించుట ఇక సాగదని అబ్బా నిశ్చయించినారు. వాటిని తోలుకొనిపోయిన దినమున ఆయన ప్రొద్దు గ్రుంకువరకు పొలము నుండి ఇంటికి రాలేదు. అమ్మీ కూడ ఎందుకని అడుగలేదు.

మేము అనగా ఇద్దరు అన్నదమ్ములము. ఒకరము పొలము చూచుచున్నాము, ఒకరము ఈ కళాశాలలోనే బి.కాం. చదువుచున్నాము. ఈ వ్యాసములోని లెక్కలు ఒకరివి, బురద మరొకరిది. మన కళాశాలకు పల్లెల నుండి వచ్చు విద్యార్థులలో చాలమంది ఇండ్లలో నేడు ఇదే ప్రశ్న నడుచుచున్నదని తెలిసి దీనిని వ్రాయుచున్నాము. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము ఆంధ్రప్రదేశములో సగటు కమతము 0.94 హెక్టారు మాత్రమే, అనగా రెండున్నర ఎకరములకు లోపు. ఆ లెక్కన మేము కొంత కలవారమే. నంద్యాల దగ్గర మా ఊరిలో కె.సి. కాలువ క్రింద రెండెకరాల మాగాణి, ఎగువన నాలుగెకరాల నల్లరేగడి మెట్ట మాకున్నవి.

ఎద్దులు పోయిన పిమ్మట బాడుగ ట్రాక్టరే దిక్కయినది. మొదటి రెండేండ్లు బాధ తెలియలేదు. గంటకు వేయి రూపాయలు, పని అయిన వెంటనే డబ్బు, తరువాత ఎవరి దారి వారిది. మేపుట లేదు, కట్టివేయుట లేదు. హాయిగానే ఉన్నదనుకొన్నాము.

2022 అక్టోబరులో కన్ను తెరచుకొన్నది. మా మెట్టలో వేయునది శనగ. శనగ వానతో పండు పైరు కాదు. వాన వెలిసిన తరువాత రేగడి తన కడుపులో దాచుకొన్న తేమతో పండును. పదును ఉన్న నాలుగైదు దినములలో విత్తనము పడవలెను. ఎక్కువ తడిలో గొర్రు సాగదు, ఆలస్యమైనచో పైమన్ను ఆరి విత్తనము మొలవదు. ఆ నాలుగైదు దినములలోనే ఊరి వారందరికీ ట్రాక్టరు కావలెను. పెద్ద కమతములున్నవారి పొలములు ముగించి, మా వంతుకు ట్రాక్టరు వచ్చుసరికి తొమ్మిది దినములు గడిచినవి. మొలక అక్కడక్కడ మాత్రమే వచ్చినది. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు పండవలసినది నాలుగే పండినది. ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 5,335 రూపాయలు. నాలుగెకరాల మీద పోయినది 85 వేలకు పైచిలుకు. బాడుగ గంటకు వేయి అని ఇన్నాళ్లు అనుకొన్నాము. దాని అసలు ధర ఆ ఏడు తెలిసినది.

ట్రాక్టరు కొనవలెనని ఇంటిల్లిపాది ఏకమైనాము. చేతిలో ఎద్దులమ్మిన డబ్బు, కూడబెట్టినది కలిసి 1,40,000. ఇవి గాక మా ఆపా బి.ఇడి. చదువు నిమిత్తము పోస్టాఫీసులో వేసిన 90 వేలు. ఆ డబ్బు ప్రస్తావన వచ్చినప్పుడు ఎవరమూ ఆపా ముఖము చూడలేదు.

నంద్యాలలో ఒక డీలరు వద్దకు పోయినాము. ఆయన మాకు చల్లని మజ్జిగ ఇప్పించి, 45 అశ్వశక్తి గల బండి ఎదుట నిలబెట్టినాడు. మా ఊరి కుర్రవాళ్లందరు మెచ్చు రకమది. బండి, రోటావేటరు, కల్టివేటరు కలిపి తొమ్మిది లక్షలు. “రెండు లక్షలు కట్టండి చాలు, తక్కినది మేము చూసుకుంటాం” అన్నాడు. తక్కినది చూచుకొనునది మేమే గదా అన్న మాట అప్పుడు మాకు తోచలేదు. కాగితములు చేతబట్టుకొని పండుగ చేసుకొన్నట్లు ఇంటికి వచ్చినాము. అబ్బా కాగితము చూచి, పక్కన పెట్టి, ఏమియు అనలేదు.

ఆపా మాత్రము ఒకటే అడిగినది. “మన పొలంలో ఇది సంవత్సరానికి ఎన్ని గంటలు తిరుగుతుందిరా?”

ఎవరమూ అంతవరకు ఆ లెక్క వేయలేదు. ఇంటర్మీడియెట్‌లో తరుగుదల లెక్కలు ఎన్నియో చేసి మార్కులు తెచ్చుకొన్నవాడు ఇంటిలో ఉండియు ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రి కూర్చుండి వేసినాము. మెట్టలో వేసవి దుక్కి ఎనిమిది గంటలు, తరువాతి సేద్యము మరొక ఎనిమిది, విత్తుట నాలుగు. మాగాణిలో దుక్కి, దమ్ము కలిపి పన్నెండు. ఎరువు, ధాన్యము, చొప్ప తోలుట ఇరవై, మహా అయితే పాతిక. మొత్తము అరవై గంటలు దాటలేదు. ఒక ట్రాక్టరు దండుగ కాకుండుటకు ఏడాదికి వేయి గంటలు పని చేయవలెనని వ్యవసాయ ఇంజనీర్లు సాధారణముగా వేయు అంచనా. మా అరవై ఎక్కడ, వారి వేయి ఎక్కడ! ఏడు లక్షల అప్పుకు నూటికి పది చొప్పున మొదటి యేటి వడ్డీయే 70 వేలు. మేమిచ్చు బాడుగ మొత్తము 60 వేలు. అసలు కంతులు, తరుగుదల, డీజిలు ఇంకను లెక్కలోనికి రానేలేదు.

అయితే బాడుగకే ఉండిపోవుదమా? 2022 మరల రావచ్చును. ఒంటరిగా కొనుట నష్టము, కొనకుండుట కూడ నష్టము. చిన్న రైతుకు ఈ ఇరకాటము కంపెనీల ప్రకటనలలో కనిపించదు.

మా గట్టు ప్రక్కనే పెద్దయ్యది అయిదెకరాల మెట్ట. ఆయన మాకు బంధువు కాడు గాని, మేము పుట్టినది మొదలు పెద్దయ్య అనియే పిలుచుచున్నాము. 2022లో ఆయన శనగ కూడ మాదానివలెనే పోయినది. ఒకనాటి సాయంత్రము గట్టు మీద కూర్చుండి “ఏం తమ్ముడా, కాడికి రెండెద్దులు కావాలంటే చెరొకటి తెచ్చి జత కట్టేవాళ్లు మన పెద్దలు. ఇనుప ఎద్దుకు మాత్రం కుదరదా?” అని అబ్బాను అడిగినాడు. అబ్బా రెండు దినములు ఆలోచించి సరే అన్నారు.

ఇక ఏ ట్రాక్టరు అన్నది. ఇక్కడ మాకు గార్లదిన్నె ఉపయోగపడినది. అనంతపురము జిల్లాలో ఆ ఊరిలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. యంత్రము ఎంచుకొనుట, నడుపుట, కాపాడుకొనుట గురించి రైతులకు అక్కడ శిక్షణ ఇత్తురు. మాలో పొలము చూచువాడు పోయి నేర్చుకొని వచ్చినాడు. బండి మీద వ్రాసిన అశ్వశక్తి ఇంజనుది. వెనుక పి.టి.ఓ. వద్ద, అనగా రోటావేటరును త్రిప్పు ఇరుసు వద్ద, దొరకునది నూటికి పది పదిహేను పాళ్లు తక్కువ. మధ్యప్రదేశములోని బుద్ని సంస్థ పరీక్షా నివేదికలలో ఈ అంకెతో బాటు డీజిలు ఎంత త్రాగునో కూడ ఉండును. కొనువారు డీలరును అడుగవలసినది ఆ నివేదిక. మేము మజ్జిగ త్రాగి వచ్చినాము.

బరువు సంగతి కూడ అక్కడనే తెలిసినది. పదునెనిమిది అశ్వశక్తి లోపలి చిన్న బండ్లు చూడ ముచ్చటగా ఉండును, తోటలలో, సాళ్ల మధ్య చక్కగా తిరుగును. వానిలో కొన్ని టన్నుకు లోపు బరువే. ఎండిన రేగడిలో లోతు దుక్కి చేయునప్పుడు బరువు చాలక చక్రములు జారును. నలభై అయిదు వంటి బరువైనది మాగాణి దమ్ములో దిగబడవచ్చును. మా రెండు రకముల భూమికి 25 ప్రాంతము చాలునని తేలినది. అయిదు పళ్ల గొర్రు లాగును. తొమ్మిది పళ్లది లాగదు. లాగనవసరము లేదు.

క్రొత్తది కొనుటకు ఇద్దరి డబ్బును చాలదు. కనుక పాతదే. (2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 12 నుండి 5 శాతమునకు తగ్గినది. ఇప్పుడు కొనువారికి ఆ మేరకు మేలు. మేము కొన్నది 2023 వేసవిలో.) మొదట చవకగా ఒక హెచ్.ఎం.టి. కనబడినది, మంచి ఇంజను. కాని ఆ ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్ల విభాగమును మూసివేయుటకు 2016లోనే నిర్ణయమైనది. పాత సామాను కొరకు ఊరూర తిరుగు ఓపిక మాకు లేదు.

రెండవది దాదాపు కొన్నంత పని అయినది. రంగు క్రొత్తది, గంటల మీటరులో 2,900. మేము వెంట తీసుకొనిపోయిన మెకానిక్ చాచా స్టార్టు చేయక ముందే ఇంజను మీద చేయి వేసి, మా వంక చూచి, చేయి తీసినాడు. వెచ్చగా ఉన్నది. చల్లని ఇంజను స్టార్టు అగుటలోనే దాని రోగము బయటపడునని, అమ్మువాడు మేము వచ్చుటకు ముందే ఒకసారి నడిపి పెట్టినాడని తరువాత చెప్పినాడు. క్లచ్చి పెడలు మీది రబ్బరు అరిగి ఇనుము మెరయుచున్నది. 2,900 గంటలలో అంత అరుగుట ఎట్లు? మీటరును నమ్మరాదు, పెడలును నమ్మవలెను. పొగ నీలముగా వచ్చినది, అనగా ఇంజను ఆయిలు మండుచున్నది. బయానా ఇచ్చుటకు జేబులో పెట్టుకొన్న అయిదు వేలు అట్లే ఇంటికి తెచ్చినాము.

మూడవది స్వరాజ్ 724, రెండు సిలిండర్లది. ఈ రకము 1974లో వెలువడినది. దుర్గాపురములోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగు పరిశోధన సంస్థలో మన ఇంజనీర్లు రూపొందించిన ట్రాక్టరిది. మేము చూచినది చూపులకు మాత్రము తీసికట్టు. బానెట్ సొట్ట, సీటు చినిగినది. చాచా ఆ ప్రొద్దున చల్లని ఇంజనును స్టార్టు చేయించినాడు. రెండవ త్రిప్పుకే అందుకొన్నది. వెనుక లిఫ్టుకు గొర్రు తగిలించి పైకెత్తి, ఇంజను ఆపి, టీ త్రాగి వచ్చువరకు వదలినాడు. గొర్రు ఎంతమాత్రము దిగలేదు. ముందు చక్రములు పట్టి ఊపి చూచినాడు. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిచూచి, పాత అప్పు తీరినట్లు బ్యాంకు వారిచ్చిన నిరభ్యంతర పత్రము అడిగి తీసుకొన్నాము. రెండున్నర లక్షలకు బేరము కుదిరినది. గొర్రు, విత్తన గొర్రు పాతవి మరొక 50 వేలు. సగము సగము వేసుకొనగా మా వంతు లక్షా యాభై వేలు.

పదివేలు తక్కువ. ఆపాయే ఇచ్చినది, అయితే కాగితము వ్రాయించుకొని ఇచ్చినది. తక్కిన 80 వేలతో ఆ ఏడే బి.ఇడి.లో చేరినది.

పెద్దయ్యతో కూడ కాగితము వ్రాసికొన్నాము. ఆర్.సి. అబ్బా పేరిట, మూల పత్రములు పెద్దయ్య పెట్టెలో. డీజిలు ఎవరి పనికి వారిది, మరమ్మతు చెరిసగము. మొదటి పదును ఒక యేడు వారిది, ఒక యేడు మాది. ఈ చివరి మాటయే అసలైన ఒప్పందము, తక్కినవన్నియు దాని చుట్టు అల్లినవే. 2023 వారి వంతు.

2023లో వానలు మా ప్రాంతమును మరచిపోయినవి. పదునే లేని యేట ముందెవరు, వెనుకెవరు? ట్రాక్టరు కొట్టములో ఎద్దుల గాడి ప్రక్కనే చాల దినములు ఊరక నిలిచినది. మేము దిగులుపడితిమి గాని నిద్రపోతిమి. మా ఊరిలో ఆ యేడే అప్పు మీద పెద్ద బండి కొన్న స్నేహితుడొకడు కంతు దినము దగ్గరకు వచ్చినకొలది బాడుగ పనులు వెదకుచు ఏ ఊరికి పోయినదియు ఇంటిలో చెప్పకుండ తిరుగుచుండెను. డీలరు వద్ద నుండి తెచ్చిన కాగితము మా ఇంటి అలమరలో ఇంకను ఉన్నది.

2024 అక్టోబరులో పదును కుదిరినది. వంతు మాది. తెల్లవారుజామున విత్తన గొర్రు కట్టినాము. అబ్బా సాలు వెంట నడచుచు, అక్కడక్కడ మట్టి వ్రేలితో తీసి గింజ ఎంత లోతున పడినదో చూచుచుండిరి. “లోతు చాలదు, ఇంకొక అంగుళం దించు” అని రెండు మార్లు ఆపించినారు. మధ్యాహ్నమునకు నాలుగెకరాలు అయినవి. భోజనము చేయక బండిని అట్లే గట్టు దాటించి పెద్దయ్య చేనిలో దింపినాము. ఆయన అయిదెకరాలు ముగియునప్పటికి రాత్రి అయినది. చివరి ఎకరము హెడ్‌లైట్ వెలుతురులో విత్తినాము. మొలక రెండు చేలలోను ఒకే దినమున కనబడినది.

ఆపా పదివేలు 2025 మార్చిలో తీర్చి కాగితము చించినాము. ఇప్పుడు ఆమె నంద్యాలలో ఒక బడిలో చెప్పుచున్నది. ట్రాక్టరు ఎడమ వెనుక టైరు కొండెలు పూర్తిగ అరిగినవి, దమ్ములో జారుచున్నది. రీట్రెడింగు చేయింతమని పెద్దయ్య, క్రొత్తదే వేయుదమని మేము. మీ వంతు సగము ఎంతో ముందు లెక్క వ్రాసి చూపండి, అప్పు సంగతి తరువాత చూద్దాము అని ఆపా అన్నది.